గీతకు ఆరంగుళాల అవతల

డెవన్ మీద 55–4. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మీద 47–0. ఐర్లండ్ మీద 15–0, ఇంగ్లండ్ మీద మళ్లీ 15–0. పారిస్‌లో ఫ్రాన్స్ మీద 38–8. 1905 సెప్టెంబర్ మొదలు 1906 ఫిబ్రవరి దాకా న్యూజిలాండ్ రగ్బీ జట్టు పరాయి గడ్డల మీద ఆడిన మ్యాచ్‌లు 35, గెలిచినవి 34. వేసిన పాయింట్లు 976, ఇచ్చినవి 59. ఈ పట్టికను పైనుంచి కిందికి చదువుతుంటే కళ్లముందు నల్లమబ్బు లేస్తుంది. దిక్కులు కమ్ముకుంటూ, ఊరి తర్వాత ఊరిని ముంచెత్తుతూ సాగిపోతుంది. నడుమ ఒక్కచోట మాత్రం ఆ మబ్బు చిరిగింది. కార్డిఫ్, డిసెంబర్ 16. వేల్స్ 3, న్యూజిలాండ్ 0.

ఆ ఒక్క వరస మీద నూరేళ్లకు పైబడి తగవు నడిచింది. రెండు దేశాల తాతలు మనవళ్లకు ఆ కథ చెప్పి, చెప్పినప్పుడల్లా ఒకరు మీసం దువ్వారు, ఒకరు నిట్టూర్చారు. నా కడుపు తరుక్కుపోయేది మాత్రం తక్కిన ముప్పైనాలుగు వరసలు చదివినప్పుడు. ఓ నల్లచొక్కాల నా తండ్రులారా, మీరు ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేది! డెవన్‌లోనే ఓడి, కార్న్‌వాల్‌లో మళ్లీ ఓడి, తలలు వంచుకుని అనామకంగా మీ పచ్చిక దేశం చేరుకుని ఉంటే మీ భుజాల మీది కండను ఏ దొరలూ చూసి మురిసేవారు కారు. మీ ఊపిరి పొడవును ఏ రాజ్యమూ లెక్కగట్టేది కాదు. యుద్ధం ఎలాగూ వచ్చేదేనని, ఓడిన కుర్రవాణ్ణీ అది వదిలేది కాదని తెలుసు. తెలిసే అంటున్నాను.

1905 జూలై 30న వెల్లింగ్టన్ రేవు విడిచింది రిముటాకా ఓడ. ప్లిమత్ చేరేసరికి సెప్టెంబర్ 8. పైన నీలం, కింద నీలం, నలభై రోజుల ఆ నీలిమ నడుమ డెక్కు చెక్కల మీద భుజాలు కలిపి స్క్రమ్ కట్టి పెనుగులాడే కుర్రాళ్లు. సేద్యం చేసుకునేవాళ్లు, చెప్పులు కుట్టే బిల్లీ స్టెడ్, వకాల్తా పుచ్చుకునే ఎరిక్ హార్పర్. రోజు ఖర్చులకు మూడు షిల్లింగులు. ఓడ ఊగుతోంది, వాళ్లూ ఊగుతున్నారు, ఉప్పుగాలి ముఖాల మీద చెమటతో కలిసి ఆరుతోంది.

అక్కడే, నేల కనుచూపుమేరలో లేనిచోట, ఒక గొడవ పుట్టింది. కెప్టెన్‌ను జట్టు ఎన్నుకోలేదు, రగ్బీ యూనియన్ పెద్దలు కూర్చోబెట్టారు, ఇది మాకు సమ్మతం కాదని కొందరు గొణిగారు. డేవ్ గాలహర్ లేచి, నేను తప్పుకుంటానన్నాడు. వైస్ కెప్టెన్ స్టెడ్, అతనితోపాటు నేనూ అన్నాడు. ఓటు పెట్టారు. 29 మందిలో 17 మంది గాలహర్ ఉండాలన్నారు. ఎంత సన్నని దారం! ఆ దారం మీద నడిచి అతను జట్టును ఒక్క దేహం చేశాడు. గెలుపులన్నిటిలోకీ నాకు ఇదే గొప్పగా తోస్తుంది. పట్టికలో దీనికి అంకె లేదు.

ఎవరీ గాలహర్? ఐర్లండ్‌లో డొనెగల్ సీమ, రమెల్టన్ అనే చిన్న ఊరు. 1873లో పుట్టాడు. నాలుగేళ్ల పసివాడిగా తల్లి కొంగు పట్టుకుని ఓడెక్కి, భూగోళం అవతలి అంచున కటికటి అనే కొత్త పల్లెలో దిగాడు. పొలాలిస్తామన్న మాట నమ్మి వచ్చినవాళ్లకు ఆ పొలాలు కూడు పెట్టలేదు. తల్లి మరియా బడిలో పాఠాలు చెప్పి ఇంటిని ఈదింది. 1887లో ఆ తల్లి కన్నుమూసింది. పదమూడేళ్ల డేవ్ బడి మాని పనిలోకి దిగాడు, తమ్ముళ్లూ చెల్లెళ్లూ పస్తులుండకూడదని. ఆ ఇంటి బరువు మోసిన చేతుల్లో అతనిదీ ఒకటి అయింది. అందుకేనేమో, ఇంతమంది కుర్రాళ్లను నడపడం అతనికి కొత్త కాలేదు. 1901లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి పోతూ వయసు మూడేళ్లు తగ్గించి చెప్పాడు. రాజ్యం పిలిస్తే పలకడం అప్పటికే నేర్చుకున్నాడు, అయ్యో!

సెప్టెంబర్ 16న ఎక్సెటర్‌లో డెవన్‌తో తొలి మ్యాచ్. 55–4 అన్న వార్త తంతి మీద పోతే, ఇది ఎక్కడో తప్పు పడిందనుకుని ముక్కున వేలేసుకున్న పత్రికల వాళ్లున్నారు. బిల్లీ వాలెస్ ఒక్కడే 28 పాయింట్లు వేశాడు. కొద్దిరోజులకు కార్న్‌వాల్ మీద ఆడుతూ, ఎండ కళ్లలో గుచ్చుతోందని ఎవరిదో టోపీ నెత్తిన పెట్టుకుని, ఆ టోపీతోనే పరిగెత్తి, ఎదుటివాళ్ల గీత అవతల బంతి ఆనించి ట్రై వేశాడు. ఆ పరుగును తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె తేలికవుతుంది. టోపీ అంచు కింద కళ్లు చికిలించి నవ్వుతూ దూసుకుపోయే ఇరవై ఏడేళ్ల కుర్రవాడు, వెనక రొప్పుతూ వచ్చే మనుషులు, కార్న్‌వాల్ ఎండ. నెత్తిన ఇనుప టోపీలు పెట్టించే కాలం ఇంకా పదేళ్ల దూరంలో ఉంది.

వాళ్ల ఆటలో మంత్రమేమీ లేదు, అమరిక ఉంది. నాటి బ్రిటిష్ జట్లు స్క్రమ్‌లోకి ఎనిమిది మందిని పంపేవి. ఎవరు ముందొస్తే వాళ్లు ముందు తల దూర్చేవారు. న్యూజిలాండ్ ఏడుగురినే పంపింది, ముందు ఇద్దరు, నడుమ ముగ్గురు, వెనక ఇద్దరు, ఎవరి చోటు వాళ్లది. బంతి మెరుపులా వెనక్కి వచ్చేది. ఎనిమిదోవాడు గాలహర్. బంతిని స్క్రమ్‌లోకి వేసి, పక్కన నిలబడి, బంతి అందుకునే తనవాడికి అడ్డుగోడ అయ్యేవాడు. జిమ్మీ హంటర్ ఆ పర్యటనలో 44 ట్రైలు వేశాడంటే, వాలెస్ 246 పాయింట్లు కూడబెట్టాడంటే, ఆ గోడ చాటున దొరికిన క్షణం వాళ్లను రెక్కలై మోసింది.

ఆ గోడనే తప్పు పట్టారు. అడ్డం నిలబడటం మోసమన్నారు. పత్రికలు రాశాయి, జనం కేకలు వేశారు, రెఫరీల ఈలలు అతని చుట్టూ కందిరీగల్లా తిరిగాయి. ఊరూరా తన పేరుతోపాటు దొంగాట అన్న మాట వినబడుతుంటే అతను ఎలా తిన్నాడో, ఎలా నిద్రపోయాడో! తల్లి పోయిన ఇంటిని పదమూడేళ్లకే భుజాన వేసుకున్నవాణ్ణి ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది?

నవంబర్ 18న ఎడిన్‌బరో. గడ్డకట్టిన నేల, పడితే మోకాలు చీలే నేల. చివరి నిమిషాల దాకా స్కాట్లండ్ ఒక పాయింటు ముందుంది. అప్పుడు రెండు ట్రైలు, 12–7. వారానికి డబ్లిన్. కెప్టెన్ కాలి గాయంతో కూర్చుంటే స్టెడ్ నడిపించాడు. మరో వారానికి లండన్ క్రిస్టల్ పాలెస్‌లో డంకన్ మెక్‌గ్రెగర్ ఒక్కడే నాలుగు ట్రైలు. ఈ మూడు గెలుపుల మీద పుస్తకాలకు పుస్తకాలున్నాయి, నేను దాటిపోతున్నాను. నన్ను కార్డిఫ్ పిలుస్తోంది.

కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో ఆ మధ్యాహ్నం దాదాపు 47 వేల మంది. నల్లచొక్కాలు హాకా అనే మావోరీ నృత్యం ఆడాయి, తొడలు చరిచి, నేల గుద్ది. అది ముగిసీ ముగియగానే వేల్స్ ఆటగాడు టెడ్డీ మోర్గన్ గొంతెత్తి తమ జాతి గీతం అందుకున్నాడు. జట్టు అందుకుంది, జనం అందుకున్నారు. బొగ్గు గనుల దుమ్ము పీల్చిన ఆ ఊపిరితిత్తులు, గుడిపాటలు పాడి పాడి పదునెక్కిన ఆ కంఠాలు ఒక్కపెట్టున లేచేసరికి మైదానం కడలయింది. ఆటకు ముందు జాతి గీతం పాడటం లోకంలో అదే మొదలంటారు. ఆ పాట ముందు నిలబడ్డ పదిహేనుగురు పరదేశి కుర్రాళ్ల గుండెలు ఎంత కొట్టుకున్నాయో! అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు తోడుగా పాడే గొంతు ఆ రోజు ఒక్కటీ లేదు.

వేల్స్ వాళ్లు తెలివిగా సిద్ధమయ్యారు. వాళ్లూ ఏడుగురినే స్క్రమ్‌లో పెట్టారు. డికీ ఓవెన్ కుడిపక్కకు పోతున్నట్టు నటించి, ఎడమకు పొడవైన పాస్ విసిరాడు. అది చేతులు మారి మారి మోర్గన్‌ను చేరింది, మోర్గన్ మూలన గీత దాటి బంతి ఆనించాడు. ఆ కాలపు లెక్కలో ట్రైకి మూడు పాయింట్లు. స్కాట్లండ్ నుంచి వచ్చిన రెఫరీ జాన్ డల్లాస్ గాలహర్ బంతి వేసినప్పుడల్లా ఈల వేశాడు. చివరికి విసిగిన గాలహర్, స్క్రమ్‌లో బంతి కోసం పోరాడవద్దని తనవాళ్లకు చెప్పాడు. తనను అంటుకున్న నింద జట్టుకు ఖర్చవుతుంటే, ఆయుధం కింద పెట్టడమొక్కటే దారి అనిపించి ఉంటుంది. ఆ మాట అతని నోటివెంట వచ్చిన క్షణం ఆ పరాజయంలోకెల్లా చేదైనది.

ఇక రెండో సగంలో ఆ పరుగు. వాలెస్ బంతి అందుకుని వేల్స్ మనుషుల నడుమ పాదరసంలా జారి, దారి మూసుకుపోతుండగా పక్కనే వస్తున్న బాబ్ డీన్స్‌కు ఇచ్చాడు. డీన్స్‌కు ఇరవై ఒక్కేళ్లు. ఎర్రచొక్కాల చేతులు అతని మీద పడ్డాయి. మన చెడుగుడులో కూతకు వెళ్లినవాణ్ణి ఆరుగురు ఒడిసి పట్టినప్పుడు, ఊపిరి తెగేలోగా చేయి చాపి నడిగీత తాకితే బతికినట్టు, తాకకపోతే చచ్చినట్టు. అలాగే పాకాడతను, రెండు చేతులా బంతితో, బురద మీద ఛాతీతో. తాకాడు. తాకానన్నాడు. డల్లాస్ ఒంటి మీద మామూలు బట్టలు, కాళ్లకు మామూలు బూట్లు అని నాటివాళ్లు రాశారు. అతను వెనకబడి, ఆ చోటికి వచ్చేసరికి బంతి గీతకు ఇవతల ఉంది. వేల్స్ వాళ్లు తన్ను వెనక్కి లాగారన్నాడు డీన్స్. ఇవతలే ఆనించాడన్నాడు డల్లాస్. ట్రై లేదు. గీతకు ఆరంగుళాల అవతల బంతి పెట్టానని డీన్స్ లండన్ పత్రికకు తంతి కూడా ఇచ్చాడు.

ఆరంగుళాలు. జానెడు కూడా లేని మేర.

గాలహర్ సాకులు చెప్పలేదు. మంచి ఆట జరిగింది, మెరుగైన జట్టు గెలిచిందన్నాడు. వేల్స్ కెప్టెన్ గ్విన్ నికల్స్‌తో జెర్సీ మార్చుకున్నాడు. ఆ నల్ల జెర్సీ 2015లో అదే కార్డిఫ్‌లో వేలానికి వస్తే 1,80,000 పౌండ్లు పలికింది.

ఇప్పుడు నా దుఃఖం అసలు చోటికి వస్తున్నాను. ఆ రోజుల్లో బ్రిటన్‌కు ఒక బెంగ పట్టుకుంది. బోయర్ యుద్ధానికి పేరిచ్చుకోవడానికి వచ్చిన పట్నవాసపు కుర్రాళ్లలో ఎంతోమంది వైద్యపరీక్షలో నిలవలేదు, పాలిపోయిన ముఖాలు, పూచికపుల్లల్లాంటి కాళ్లు. జాతి దేహబలం క్షీణిస్తోందా అని విచారించడానికి ఒక ప్రభుత్వ సంఘం కూర్చుని 1904లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడే ఈ కుర్రాళ్లు దిగారు, వెడల్పాటి ఛాతీలతో, ఎండలో కాగిన మెడలతో, అలుపెరుగని తొడలతో. పత్రికలు మైమరిచాయి. వలసదేశపు గాలి, వలసదేశపు పాలు, ఆరుబయలు బతుకు, చూడండి ఎలాంటి మగవాళ్లను పెంచాయో అన్నాయి. న్యూజిలాండ్ ప్రధాని రిచర్డ్ సెడన్ అదే పాట మరింత గట్టిగా పాడాడు. ఆటగాళ్లు గడ్డిమీద గెలిచిన ప్రతి మ్యాచ్‌నూ సామ్రాజ్యం తన కొట్టులో చేరిన సరుకుగా రాసుకుంది. 976 పాయింట్లను పాయింట్లుగా చదివినవాళ్లు తక్కువ. కావలసినప్పుడు పిలవడానికి సముద్రం అవతల ఇంత బలం నిల్వ ఉందని చదువుకున్నారు.

పిలిచారు.

అంతకుముందే ఒకణ్ణి జబ్బు తీసుకుపోయింది. 1908 సెప్టెంబర్ 30న బాబ్ డీన్స్, అపెండిక్స్ ఆపరేషన్ తర్వాత కోలుకోక, ఇరవై నాలుగేళ్లకే వెళ్లిపోయాడు. ఆఖరి ఘడియల్లో కూడా అది ట్రైయే అన్నాడని చెప్పుకుంటారు. అన్నాడో లేదో దేవుడికెరుక.

గాలహర్ పెళ్లి చేసుకున్నాడు, నెల్లీ అతని ఇల్లాలు. 1908లో నోరా పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి అతనిది నిర్బంధ సైన్యసేవ తాకని వయసు. ఇంట్లో ఉండిపోవచ్చు, ఎవరూ వేలెత్తి చూపరు. అయినా 1916 మేలో పేరిచ్చాడు. ఆస్ట్రేలియా సేనలో ఉన్న తమ్ముడు డగ్లస్ జూన్ 3న ఫ్రాన్స్‌లో కూలాడు. తమ్ముడి పగ తీర్చుకోవడానికి అన్న వెళ్లాడని తర్వాత కథ అల్లారు, కానీ పేరిచ్చింది అంతకుముందే. అల్లికలు వద్దు. ఉన్న దుఃఖమే చాలు.

1917 అక్టోబర్ 4. బెల్జియంలో పాషెన్‌డేల్ దారిలో బ్రూడ్‌సైండే. వాన తడిపిన పొద్దు, గుండ్లు దున్నిన నేల, చెరువులైన గుంటలు. నలభై మూడేళ్ల సార్జంట్ గాలహర్ తన కుర్రాళ్లతో ముందుకు కదిలాడు. ఒక ఇనుప ముక్క అతని టోపీని చీల్చుకుని తలలోకి దిగింది. ఆసుపత్రి గుడారానికి మోసుకుపోయారు, ఆ రోజే పోయాడు. ఆ ఒక్క రోజు 320 మందికి పైగా న్యూజిలాండ్ బిడ్డలు రాలిపోయారు. మోసగాడని ఎవరిని గేలి చేశారో అతను వాళ్ల రాజు కోసం చచ్చిపోయాడు, ఓ కార్డిఫ్, ఓ లండన్, ఓ ఎడిన్‌బరో! అడ్డం నిలబడటం తప్పన్నారే, ఆ బురదలో అతణ్ణి నిలబెట్టింది దేనికి? అక్కడ ఏ డల్లాస్ ఈల ఊదలేదేం? ఈ ఆట ఆపండి, ఇది నియమాలకు విరుద్ధమని ఒక్క పెద్దమనిషి చేయి ఎత్తలేదేం?

పోపెరింగె దగ్గర నైన్ ఎల్మ్స్ శ్మశానంలో పడుకున్నాడు. రాతి మీద ఫెర్న్ ఆకు చెక్కారు, ఛాతీ మీద కుట్టుకుని ఊరూరా గెలిచిన ఆకే. తొమ్మిదేళ్ల నోరాకు నాన్న ఆ ఆకు కింద ఉన్నాడు, ఆమె ఉన్న భూమికి సరిగ్గా అవతలి పక్క. కథ అక్కడా ఆగలేదు. ఆర్నెల్లు దాటగానే, 1918 ఏప్రిల్‌లో, విలే-బ్రెటన్యూ దగ్గర ఇంకో తమ్ముడు హెన్రీ. ఆ నెల చివరే పాలస్తీనా రంగంలో ఎరిక్ హార్పర్, రిముటాకా డెక్కు మీద నవ్విన లాయరు. మరియా ముందే కన్నుమూసి బతికిపోయింది, ముగ్గురు కొడుకుల కబుర్లు ముగ్గురు తంతిమనుషులు తెస్తే వినే రాత ఆ తల్లికి తప్పింది.

స్త్రీపర్వంలో గాంధారి తన నూరుగురిని చూసి మాత్రమే ఏడవలేదు. అభిమన్యుణ్ణి చూసి ఏడ్చింది, కర్ణుణ్ణి చూసి ఏడ్చింది. ఈ పట్టికలో ఎదుటి వరసలు చదివినా అలాగే ఏడవాలి. గడ్డకట్టిన నేల మీద స్కాట్లండ్‌ను నడిపించిన బెడెల్-సివ్‌రైట్ వైద్యుడై గలిపోలీ వెళ్లి, 1915లో పురుగు కాటుతో రక్తం విషమై పోయాడు. తెల్లని చేతొడుగులతో ఆడే సోగ్గాడు, ఐర్లండ్ ఆటగాడు బాసిల్ మక్లియర్ అదే ఏడాది మేలో ఈప్ర దగ్గర కూలాడు. కార్డిఫ్‌లో గాలహర్ జట్టును నేలకు కొట్టిన వేల్స్ ఫార్వర్డ్ చార్లీ ప్రిచర్డ్ 1916లో ఫ్రాన్స్ రంగంలో. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే మట్టి తిన్నారు. 3–0 అయితే ఏమైంది, 3–3 అయితే ఏమయ్యేది?

ఇలా విసుక్కుంటూనే, ఒక్క మనిషి మాట దగ్గర నా విసుగు కరిగిపోతుంది. బిల్లీ వాలెస్. టోపీతో పరిగెత్తినవాడు, డీన్స్ చేతికి ఆ బంతి ఇచ్చినవాడు. అతను 1972 దాకా, తొంభై మూడేళ్లు బతికాడు. కెప్టెన్ పోయాక యాభై నాలుగేళ్లు, డీన్స్ పోయాక అరవై మూడేళ్లు. ఎవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా, బాబ్ గీత దాటాడనే చెప్పాడు, నేను చూశానన్నాడు. తోటివాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే, కళ్లకు పొరలు కమ్ముతున్నా, ఆ సాక్ష్యం మార్చలేదు. అతనిది స్కోరు కోసం తగవని నేననుకోను. ఇరవై నాలుగేళ్లకే పోయిన నేస్తం చేయి ఆ బురదలో ఇంకా చాచే ఉంది, దాన్ని వెనక్కి లాగనివ్వనని పట్టుకున్నాడు. వాలెస్ తాతా, వేల్స్ గెలుపు వేల్స్‌కే ఉండనీ, ఆ రోజు వాళ్లు బాగా ఆడారు. డల్లాస్ మాట పుస్తకాల్లో ఉండనీ. బాబ్ ఆరంగుళాల అవతలే బంతి పెట్టాడు తాతా. నువ్వు చూశావు.